మా వాడికి గోల్ఫ్ తప్ప ఇంకేం పట్టదు, ఇంటర్ బైపీసీ అయిపోయింది. ఆడటం కాకుండా ఇందులో బతికే దారి ఉందా?

తిరుమలగిరి హవల్దార్:

అందరికీ నమస్కారం. ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యాను. సొంతూరు నల్గొండ జిల్లాలో, ఉండేది సికింద్రాబాద్ తిరుమలగిరిలో. చివరి పోస్టింగ్ ఇక్కడే కావడంతో మా వాడు చిన్నప్పుడే బైసన్ గోల్ఫ్ కోర్సులో తిరగడం అలవాటు చేసుకున్నాడు. మొదట రేంజిలో (ప్రాక్టీసు చేసుకునే చోట) బంతులు ఏరేవాడు. ఒక కర్నల్ గారు తన పాత ఐరన్లు (ఇనప తల ఉన్న గోల్ఫ్ కర్రలు) రెండు వాడికిచ్చారు. అప్పట్నుంచి ఇక వేరే లోకం లేదు. ఇప్పుడు హ్యాండిక్యాప్ 9 (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత మంచి ఆట). ఇంటర్ బైపీసీ పాసయ్యాడు, ఈఏపీసెట్ రాశాడు, ర్యాంకు మరీ గొప్పది కాదు, మరీ తీసెయ్యాల్సిందీ కాదు. నీట్ రాయలేదు.

వాళ్లమ్మ బీఫార్మసీలో చేర్పిద్దామంటుంది. వాడు మాత్రం గోల్ఫ్ దగ్గరే ఉంటానంటాడు. ఉండి ఏం చేస్తావురా అంటే జవాబు లేదు. ప్రొఫెషనల్‌గా ఆడించేంత స్థోమత నాకు లేదన్నది ఒక్కటే నాకు తెలిసిన సంగతి. మంచి డ్రైవర్ ఒకటి (బండి డ్రైవర్ కాదండీ, కర్ర) కొనే డబ్బుకి మా ఊళ్లో పాలిచ్చే బర్రె వస్తుంది.

నా ప్రశ్న ఇది. టోర్నమెంట్లు ఆడటం కాకుండా, ఆ మైదానం దగ్గరే ఉండి గౌరవంగా సంపాదించుకునే పనులు నిజంగా ఉన్నాయా? ఉంటే ఏం చదవాలి? క్యాడీ పని (ఆడేవాళ్ల కర్రల సంచి మోయడం) వద్దు. అది చిన్న పనని కాదు, మే నెల ఎండలో వాళ్లు పడే కష్టం కళ్లారా చూసినవాణ్ణి. ఆ రంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తే మేలు చేసినవారవుతారు.


మియాపూర్ మూర్తి:

హవల్దార్ గారూ, ఉన్నమాట చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. ఫార్మసీ చేయించండి, ఆదివారాలు గోల్ఫ్ ఆడుకుంటాడు. మన దగ్గర కోర్సులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోల్కొండ నయా ఖిల్లా దగ్గర ఒకటి, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, మీ బైసన్, విశాఖలో ఈస్ట్ పాయింట్, ఇంకా ఒకటో రెండో. వాటిలో ఎంతమందికి ఉద్యోగాలుంటాయి చెప్పండి?


పుట్టర్ పంతులు:

హవల్దార్ గారూ, నేను హైదరాబాద్‌లో కోచ్‌ని. పిల్లలకే ఎక్కువగా నేర్పుతాను. ముందు ఆడటం గురించి చెప్పేస్తే ఆ టెన్షన్ పోతుంది.

హ్యాండిక్యాప్ 9 అంటే క్లబ్బులో చాలామంది మెంబర్ల కంటే బాగా ఆడతాడు. టూర్ వేరే సంగతి. అక్కడికొచ్చే కుర్రాళ్లు స్క్రాచ్ (అంటే సున్నా) దాటి, దానికన్నా మెరుగైన ప్లస్ హ్యాండిక్యాప్‌లో ఉంటారు. మన దేశంలో పురుషులకి 2006లో మొదలైన పీజీటీఐ అనే ప్రొఫెషనల్ టూర్ ఉంది, దానిలోకి క్వాలిఫయింగ్ స్కూల్ దాటి రావాలి. వచ్చాక కూడా రెండు రౌండ్లయ్యేసరికి కట్ పడుతుంది. మొదటి యాభై మంది, వాళ్లతో సమంగా ఉన్నవాళ్లు మిగులుతారు. మిగతావాళ్లు రైలు టికెట్టు, హోటలు, క్యాడీ డబ్బులు సొంతంగా పెట్టుకుని ఖాళీ చేతులతో ఇంటికెళ్తారు. ఆ ఖర్చు ఏళ్లతరబడి ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న. డబ్బులేని ఇళ్ల నుంచి ఎవరూ రాలేదని కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా ఉన్నవాడే. 2009లో అదే టోర్నీ గెలిచిన బెంగళూరు మునియప్పదీ అదే కథ. గోల్ఫర్ చౌరాసియా వాళ్ల నాన్న రాయల్ కలకత్తా క్లబ్బులో గ్రీన్‌కీపర్ (మైదానం గడ్డి చూసుకునే మనిషి), కొడుకు 2016లో, 2017లో వరుసగా గెలిచాడు. కానీ వీళ్లు పద్దెనిమిదేళ్లు వచ్చాక "ఏం చేద్దాం" అని ఆలోచించినవాళ్లు కారు. అప్పటికే ఆటలో మునిగిపోయి ఉన్నారు.

కోచింగ్ అయితే ఆలోచించొచ్చు. నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా అని ఉంది, కోచ్‌లకి కోర్సులు పెట్టి దశలవారీగా సర్టిఫికెట్ ఇస్తుంది. చేరాలంటే చేతిలో ఆట కూడా ఉండాలి, ఇంకాస్త పదును పెడితే మీవాడు పనికొస్తాడు. జీతం కన్నా పాఠానికి ఇంత అని వచ్చే ఆదాయమే ఎక్కువ, అందులో క్లబ్బుకో రేంజికో వాటా పోతుంది. వానాకాలంలో తగ్గుతుంది, వేసవి సెలవుల్లో ఊపిరాడదు. పెద్దవాళ్లకి నేర్పడం కంటే పిల్లలకి నేర్పడం కష్టం, ఓపిక లేకపోతే వద్దు.

ఒక జాగ్రత్త. డబ్బు తీసుకుని ఆట నేర్పడం మొదలుపెడితే అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా ఆడేవాడి) హోదా పోతుంది. ఇంకా అమెచ్యూర్ టోర్నీలు ఆడాలనుకుంటే అపార్ట్‌మెంట్ పిల్లలకి నేర్పి ఫీజు పుచ్చుకోవద్దని మీవాడికి ఇప్పుడే చెప్పండి. చాలామంది కుర్రాళ్లకి ఈ సంగతే తెలియదు.


గడ్డివాడు:

హవల్దార్ సార్, మీ పోస్టులో నాకు కనిపించింది రెండు మాటలే. బైపీసీ, హ్యాండిక్యాప్ 9. ఈ రెండూ ఒకే కుర్రాడిలో ఉండటం ఎంత అరుదో మా వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

నాది సిద్దిపేట దగ్గర పల్లె. రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. గోల్ఫ్ బంతిని చేత్తో ముట్టుకుంది ఉద్యోగంలో చేరాకే. ఇప్పుడు బెంగళూరు వైపు 18 హోల్స్ కోర్సులో అసిస్టెంట్ సూపరింటెండెంట్‌ని. సూపరింటెండెంట్ అంటే ఆఫీసులో ఫైళ్లు చూసే ఆయన కాదు. కోర్సు మీద ఉన్న ప్రతి గడ్డిపోచకీ, చుక్క నీటికీ, మిషన్‌కీ జవాబు చెప్పాల్సిన మనిషి. మూర్తి గారన్నట్టు కోర్సులు తక్కువే. గడ్డి శాస్త్రం చదివి వచ్చేవాళ్లు అంతకన్నా తక్కువ. మేం ఒక ట్రైనీ పోస్టుకి మనిషిని వెతుక్కోవడానికి నానా తంటాలు పడతాం. వచ్చినవాళ్లలో సగం మంది పొద్దున నాలుగున్నరకి రమ్మంటే వారం తిరక్కుండా మాయం.

పని ఎలా ఉంటుందో చెప్తాను, మీవాడికి చదివి వినిపించండి. తెల్లారకముందే గ్రీన్ల మీద (బంతి వేసే గుంత చుట్టూ ఉండే కురచ గడ్డి చోటు) మంచు దులపాలి. సన్నటి పొడవాటి గడతో ఇటునుంచి అటు ఊపుతూ పోతారు. ఆకు తడిగా ఎక్కువసేపు ఉంటే ఫంగస్ పట్టుకుంటుంది. తర్వాత కప్పు, అంటే బంతి పడే గుంత, మార్చడం. 108 మిల్లీమీటర్ల వెడల్పు గుంత కొత్తచోట తీసి, ఆ మట్టిముద్దని పాత గుంతలో పెట్టి, అతుకు కనబడకుండా సరిచేయాలి. అతుకు ఎత్తుగా ఉంటే బంతి పక్కకి పోతుంది, పళ్లెంలా దిగితే గడ్డి చస్తుంది. ఆ తర్వాత కోత. గ్రీన్ మీద గడ్డి ఎత్తు మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. అంత కురచగా కోసి కూడా దాన్ని బతికించాలి, అదీ హైదరాబాద్ మే నెలలో. మొక్కల ఫిజియాలజీ చదవనివాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు.

కోత మిషన్ రీలుకీ, కింది బెడ్‌నైఫ్‌కీ మధ్య కాగితం ముక్క పెట్టి తిప్పి చూస్తాం. శుభ్రంగా తెగితే సరే, చిరిగితే ఆ మిషన్ ఆ రోజు గ్రీన్ ఎక్కదు. మొద్దు బ్లేడు గడ్డి కొసలు చీల్చేస్తుంది, మర్నాటికి గ్రీన్ అంతా తెల్లబారుతుంది. (రీళ్లు సానపట్టే మెకానిక్ కూడా దొరకడం లేదు. ఐటీఐ చేసిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, అది వేరే దారి, మంచి దారి.)

మామూలు పొలం పాఠం ఇక్కడ సగమే పనికొస్తుంది. సరిగా కట్టిన గ్రీన్‌లో పైన 30 సెంటీమీటర్లు ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్లు కంకర, అడుగున డ్రైనేజీ పైపులు. ఇసుకలో నీరు నిలవదు, ఎరువూ నిలవదు. అందుకని కొంచెం కొంచెంగా, తరచుగా స్ప్రే చేసుకుంటూ పోతాం. చాలా కోర్సులు మురుగునీటిని శుద్ధి చేసి వాడుకుంటాయి, దాంట్లో ఉప్పు ఎక్కువ. బెర్ముడా గడ్డి కొంతవరకే ఓర్చుకుంటుంది, పాస్పాలం అయితే ఇంకాస్త ఉప్పు తట్టుకుంటుంది. ఏది ఎక్కడ వేయాలన్న నిర్ణయానికి లక్షల రూపాయల లెక్క ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు బోలు కడ్డీలతో గ్రీన్ అంతా పొడిచి, మట్టి బయటికి లాగి, ఇసుక నింపుతాం. గడ్డి వేళ్లకి గాలి ఆడాలంటే తప్పదు. ఆ వారం మెంబర్లు మమ్మల్ని తిట్టని తిట్టు ఉండదు. పోయినసారి ఒక పెద్దాయన నా దగ్గరకొచ్చి "మీకు జీతమిచ్చేది పాడుచేయడానికా" అని అడిగాడు. మూడు వారాలయ్యాక అదే గ్రీన్ మీద బర్డీ (పెట్టిన లెక్కకన్నా ఒక దెబ్బ తక్కువ) కొట్టి నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఇక హ్యాండిక్యాప్ 9 ఎందుకు ముఖ్యమో. పంతులు గారన్నట్టు టూర్‌కి అది చాలదు. మా దగ్గర మాత్రం అది బంగారం. నాలాంటివాళ్లకి గడ్డి తెలుసు, బంతి తెలియదు. గ్రీన్ వేగం కొలవడానికి స్టింప్‌మీటర్ అని 36 అంగుళాల అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాని మీంచి బంతి వదిలి ఎన్ని అడుగులు పోయిందో చూస్తాం. అంకె నేను చెప్పగలను. వాలు మీద ఆ వేగం ఆడేవాడికి ఎలా తగులుతుందో, పిన్ను (గుంతలో పెట్టే జెండా కర్ర) ఎక్కడ పెడితే న్యాయంగా ఉంటుందో, బంకర్లో (ఇసుక గొయ్యిలో) ఇసుక ఎంత మెత్తగా ఉంటే క్లబ్ కూరుకుపోతుందో మీవాడికి ఒంట్లోనే ఉంటుంది. నేను అవన్నీ పెద్దవాళ్లని అడిగి అడిగి నేర్చుకోవాల్సి వచ్చింది. టోర్నమెంట్ కమిటీతో మాట్లాడేటప్పుడు ఆడేవాడి మాటకి ఉండే విలువే వేరు.

చదువు సంగతి. మీవాడి ర్యాంకుకి వస్తే బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్, నాలుగేళ్లు. తెలంగాణలో రాజేంద్రనగర్, మోజర్ల, మల్యాలలో కాలేజీలున్నాయి, సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న కొండా లక్ష్మణ్ హార్టికల్చర్ యూనివర్సిటీ కిందవి. అగ్రికల్చర్ వచ్చినా పర్వాలేదు, నేల, నీరు, తెగుళ్లు అందులోనూ చెప్తారు. ఊళ్లో మీ పేరున భూమి ఉంటే రైతు కోటా సంగతి తప్పకుండా కనుక్కోండి. తర్వాత ఓపికుంటే ఎమ్మెస్సీ ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్, గడ్డి మీద ప్రాజెక్టు తీసుకోవచ్చు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ గడ్డి చదువుకి పేరున్నది, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు కూడా ఇస్తుంది. ఉద్యోగంలో చేరాక క్లబ్బు ఫీజు కడతానంటే చేయొచ్చు, ముందే అప్పు చేసి మాత్రం వద్దు.

జీతం దాచను. మొదట్లో పురుగుమందుల కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్‌కి వచ్చేదానికన్నా తక్కువే. కోర్సులోనే క్వార్టరు, భోజనం ఇచ్చేచోట కాస్త మిగులుతుంది. అసిస్టెంట్ అయ్యాక పర్వాలేదు, పెద్ద కోర్సుకి సూపరింటెండెంట్ అయితే మా ఊళ్లో లెక్చరర్లు అసూయపడే జీతం. ఇంకో సంగతి, ఈ పని గోల్ఫ్‌తోనే ఆగదు. ఉప్పల్ లాంటి క్రికెట్ స్టేడియాలు, మలక్‌పేట రేస్‌కోర్సు, ఫుట్‌బాల్ మైదానాలు, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు, స్ప్రింక్లర్ కంపెనీలు, కోత మిషన్ల డీలర్లు, అందరికీ గడ్డి తెలిసిన మనిషి కావాలి. దుబాయ్ ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్బు 1988లో ఎడారిలో పచ్చగడ్డి కోర్సు తెరిచిన దగ్గర్నుంచి గల్ఫ్‌లో కూడా ఈ పనికి గిరాకీ పెరిగింది. మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు అక్కడ తోటపనిలో ఎంతోమంది ఉన్నారు. డిగ్రీతో వెళ్తే వాళ్లమీద సూపర్‌వైజర్‌గా వెళ్తాడు.

చెడు కూడా వినండి. పండగలు లేవు. మెంబర్లకి సెలవు రోజంటే మాకు పని రోజు. పంపు చెడితే రాత్రి పన్నెండుకైనా లేవాలి. తను ఆడటానికి కోర్సు మూసే సోమవారం సాయంత్రమే దిక్కు. ఆట మీద మోజుతో వచ్చి, ఆడటానికి టైం దొరక్క విసిగిపోయినవాళ్లని చూశాను. నన్నడిగితే మీవాడి విషయంలో తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. వాడికి ఇష్టం కొట్టడమా, కోర్సు మీద ఉండటమా?


గ్రిప్పుల షాపు:

ఒక చిన్నమాట నాది కూడా. నేను క్లబ్బులు రిపేరు చేస్తాను, ఫిట్టింగ్ చేస్తాను. గ్రిప్పులు మార్చడం, కర్ర తల వాలు కోణాలు (లాఫ్ట్, లై అంటాం) వంచి సరిచేయడం, షాఫ్ట్ (కర్ర కాడ) తెగితే మార్చడం. మన ఎండకి గ్రిప్పులు త్వరగా గట్టిపడతాయి కాబట్టి పని ఆగదు. ఇప్పుడు ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్ మిషన్లు, ఇండోర్ సిమ్యులేటర్లు వచ్చాయి, వాటి అంకెలు చదివి ఈ కర్రకి ఈ షాఫ్ట్ అని చెప్పగలిగే కుర్రాళ్లు కావాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, చెయ్యి తిరగాలి. అయితే సొంత షాపు పెట్టాలంటే పెట్టుబడి కావాలి. సెలవుల్లో ఎక్కడైనా షాపులో కూర్చుని నేర్చుకుంటే ఎటు పోయినా ఉపయోగమే.


రాలీ రమణి:

అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాం. ఇక్కడ మన తెలుగువాళ్ల పిల్లలు సాహిత్ తీగల పేరు చెప్పుకుని గోల్ఫ్ టీముల్లో చేరుతున్నారు. కాలిఫోర్నియాలో పుట్టి పెపర్‌డైన్ యూనివర్సిటీకి ఆడి, 2023లో పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచిన అబ్బాయి. సంతోషమే, కానీ అది ఇక్కడి కాలేజీ వ్యవస్థలోంచి వచ్చిన దారి. దాన్ని చూసి మీరు ఇక్కడికి పంపాలనుకోకండి. కాలేజీ టీముల స్కాలర్‌షిప్‌కి హ్యాండిక్యాప్ 9తో అవకాశం దాదాపు లేదు. "పీజీఏ గోల్ఫ్ మేనేజ్‌మెంట్" అని కొన్ని యూనివర్సిటీల్లో డిగ్రీ ఉంది, 1975లో ఫెర్రిస్ స్టేట్‌లో మొదలైంది. బాగుంటుంది, కానీ ఆ ఫీజు పెట్టి చదివి ఇక్కడ వీసా కోసం ఎదురుచూడటం మీ పెన్షన్‌తో చేసే సాహసం కాదు.

గడ్డివాడు గారు చెప్పింది మాత్రం నిజం. 2024 యూఎస్ ఓపెన్ మాకు దగ్గర్లోని పైన్‌హర్స్ట్‌లో జరిగింది. ఇలాంటి పెద్ద టోర్నీల వారంలో కోర్సు సిబ్బందికి సాయంగా వేరే కోర్సుల వాళ్లు, గడ్డి చదువుకునే విద్యార్థులు వాలంటీర్లుగా వచ్చి తెల్లవారుజామున, సాయంత్రం గ్రీన్లు కోస్తారు. వేరే దేశాల నుంచి కూడా వస్తారు. అలాగే హార్టికల్చర్ విద్యార్థులని ట్రైనీ వీసా మీద ఏడాదిపాటు జీతమిచ్చి ఇక్కడి కోర్సులకి తీసుకొచ్చే ఇంటర్న్‌షిప్‌లున్నాయి. ఒహాయో స్టేట్ వాళ్ల కార్యక్రమం పేరున్నది. డిగ్రీ మధ్యలోనో అయ్యాకో అప్పుడు ఆలోచించండి. సొంత డబ్బుతో రావడం కన్నా అది ఎంతో నయం. మధ్యలో ఏజెంటు ఎవరైనా లక్షలు అడిగితే అక్కడే ఆగిపోండి.


తిరుమలగిరి హవల్దార్:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. గడ్డివాడు గారి పోస్టు మావాడు ఫోన్ లాక్కుని చదివాడు. కప్పు మార్చడం వాడికి ముందే వచ్చట, అక్కడి మాలీ నేర్పాడట, నాకే తెలియదు. వాళ్లమ్మ మాత్రం "ఇంత చదివి తోటమాలి పనా" అంటోంది. ఆవిడకేం చెప్పాలో తెలియడం లేదు. ఇంకో డౌటు, కాలేజీ మొదలయ్యేలోపు ఖాళీ ఉంది. ఈలోపు వాడు ఏం చేస్తే మంచిది?


గడ్డివాడు:

అమ్మగారికి ఇలా చెప్పండి సార్. కోర్సులో కోట్ల విలువైన మిషన్లు, పంపుహౌసు, మందుల స్టోరు, నలభై యాభై మంది మనుషులు, ఏడాది బడ్జెట్, ఇవన్నీ సూపరింటెండెంట్ చేతిలో ఉంటాయి. తోటమాలి పని కూడా నేర్చుకోకుండా ఆ కుర్చీలో కూర్చోలేం, అది వేరే మాట. మా అమ్మ కూడా మొదట్లో ఊళ్లో అడిగితే "వ్యవసాయ ఆఫీసరు" అనే చెప్పేది. ఇప్పటికీ అలాగే చెప్తుంది, నేనేం దిద్దలేదు.

ఖాళీ టైంలో మూడు పనులు చేయమనండి. బైసన్ కోర్సు సెక్రటరీకి మీరే ఒక కాగితం రాయండి, మాజీ సైనికుడి కొడుకు, కాలేజీ తెరిచేదాకా పొద్దున్నే గ్రౌండ్ సిబ్బందితో పని నేర్చుకుంటాడు, జీతం వద్దు అని. ఒప్పుకుంటే వర్షాకాలం మొదట్లో గ్రీన్లకి ఏ తెగులు ఎలా వస్తుందో కళ్లతో చూస్తాడు, రోజూ ఒకే గ్రీన్‌ని ఫోటో తీసి తేదీ రాసుకోమనండి. రెండోది, గోల్ఫ్ రూల్స్ పెట్టే ఆర్ అండ్ ఏ సంస్థ వాళ్ల రూల్స్ అకాడమీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది, మొదటి లెవెల్ పూర్తి చేయమనండి. రేపు టోర్నమెంట్లలో పెనాల్టీ ఏరియా (చెరువుల్లాంటి చోట్ల) గీతలు గీయాల్సింది మేమే, రూల్ తెలిసి గీస్తే గొడవలుండవు. మూడోది ఇంగ్లీషు. పురుగుమందు లేబుళ్లు, మిషన్ మాన్యువళ్లు, మెంబర్ల ఫిర్యాదులు అన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. నాకు మొదటి రెండేళ్లు గడ్డికన్నా దాంతోనే ఎక్కువ తంటా.

కౌన్సెలింగ్‌లో సీటు ఎంచుకునేటప్పుడు కొట్టడమా, కోర్సు మీద ఉండటమా అన్న ప్రశ్నకి వాడి జవాబు రెండోదైతే హార్టికల్చర్ పైన పెట్టండి. మొదటిదైతే పంతులు గారితో మాట్లాడించండి, నాతో కాదు. కాలేజీలో చేరాక మెసేజ్ పెట్టమనండి. రెండో ఏడాది సెలవుల్లో మా కోర్సుకి రావచ్చు, మా సూపరింటెండెంట్‌ని అడిగాను, సరే అన్నారు. గమ్‌బూట్లు మాత్రం వాడే తెచ్చుకోవాలి, మా స్టోరులో తొమ్మిదో నంబరు దాటి ఉండవు.